మూడో కట్ట

పుస్తకాన్ని ప్రాణం పోకుండా కోయడం అందరివల్లా అయ్యే పని కాదు. వెన్ను మీద కత్తి ఆనించి, లోపలి దారం తెగేంతవరకే నొక్కి, కాగితానికి గాయం కాకముందే చెయ్యి ఆపాలి. బైండింగక్క చేతికి ఆ కొలత తెలుసు. ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, కొట్టు తలుపు తీసి, అప్పుడే కొన్న కొత్త పుస్తకాన్ని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి వెన్ను చీల్చేది. అట్ట ఊడబెరికి, కాగితాలను నాలుగు కట్టలుగా విడదీసేది.

"దండం పెట్టుకున్న చేతులతోనే ఈ కసాయి పనేమిటే" అని ఆమె భర్త నవ్వేవాడు.

నలుగురు స్నేహితురాళ్లకు కలిపి నెలకు ఒకటే పుస్తకం. ఒకరి తర్వాత ఒకరు చదవాలంటే నాలుగు నెలలు పడుతుంది. అందుకని బైండింగక్క ఈ పద్ధతి పెట్టింది. ఎవరి కట్ట వాళ్లే చదవాలి, పక్కవాళ్లది తొంగిచూడకూడదు. నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం కొట్లో కూర్చుని, వరుసగా ఎవరి భాగం వాళ్లు నోటితో చెప్పాలి. అప్పుడే కథ మొత్తం నలుగురికీ తెలుస్తుంది. చివర్లో ఒకళ్లు ప్రశ్న వేస్తారు, "ఆ మనిషి స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావు" అని. జవాబు చెప్పకుండా లేవడానికి లేదు. అందరూ వెళ్లాక బైండింగక్క నాలుగు కట్టలూ కలిపి కుట్టి, కొత్త అట్ట వేసి అలమారలో నిలబెట్టేది.

మిగతా ముగ్గురిలో పెద్దగొంతుది హారన్ వదిన. సిటీ బస్సు నడుపుతుంది. మామూలుగా మాట్లాడినా ఆఖరి సీటు దాకా వినిపిస్తుంది. కథలో ఒక్క శవమైనా లేవకపోతే డబ్బులు దండగ అంటుంది. ఆమె పోరు పడలేకే వీళ్లు ఎప్పుడూ కత్తులూ హత్యలూ ఉన్న పుస్తకాలే తెచ్చుకునేవాళ్లు. రెండో ఆమె సూది పిన్ని, ఆసుపత్రిలో నర్సు. పుస్తకంలో ఎవరికైనా కత్తి దిగితే అది ఏ పక్కటెముక కింద దిగిందో తేలేదాకా కథ ముందుకు సాగనివ్వదు. అందరికంటే చిన్నది ఇస్త్రీ. పెద్ద లాండ్రీలో తడి దుప్పట్లు పిండే పని. సన్నటి మనిషి, మోచేతుల కింద మాత్రం తాళ్లలా నరాలు. ఆమె భర్త ఒక ఆఫీసులో గుమాస్తా. వీధి మలుపు దాకా వచ్చి భార్యను దిగబెట్టి, "బాగున్నారా అక్కా" అని మెల్లగా పలకరించి వెళ్లేవాడు. వెన్నలాంటి మనిషని వీధంతా అనేది.

ఆ నెల పుస్తకం ఒక రేవు ఊళ్లోని వర్తకుడి కథ. మొదటి కట్ట బైండింగక్కది. వర్తకుడి అన్నను ఎవరో గోదాములో పొడిచి చంపారు. రెండోది హారన్ వదినది. వర్తకుడు హంతకుణ్ణి పట్టుకుని, ఓడ తాళ్లతో కట్టి, కొరడాతో ఒళ్లు హూనం చేశాడు. వదిన ఆ కొరడా దెబ్బలు బల్ల మీద అరచేత్తో కొట్టి మరీ చెప్పింది. జిగురు గిన్నె ఎగిరి పడింది.

"ఇక నీ వంతే ఇస్త్రీ. ఆ వర్తకుడింకా బతికే ఉన్నాడా?"

ఇస్త్రీ తన కట్ట ఒళ్లో పెట్టుకుంది కానీ దానివంక చూడలేదు.

"ఈ పేర్లు నాకు నోరు తిరగవు వదినా. వర్తకుణ్ణి అతను, పెళ్లాన్ని ఆమె అనేస్తా."

"అను. మాకు మొగుడూ పెళ్లాలని తెలిస్తే చాలు."

"అతనికి కోపం వస్తే అరవడు. పక్కవాళ్లకు వినిపిస్తే నామోషీ. చెప్పులు విడిచి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, ఆమెను జుట్టు పట్టుకుని నీళ్ల తొట్టి దగ్గరికి తీసుకెళ్తాడు. తల ముంచి పట్టుకుంటాడు. నీళ్లయితే మచ్చ పడదు కదా. కాళ్లు కొట్టుకోవడం ఆగేదాకా ఉంచి, అప్పుడు లేపుతాడు. మళ్లీ ముంచుతాడు."

"ఎందుకట?" అంది సూది పిన్ని.

"కారణం రాయలేదు పిన్నీ. ఒకసారి చొక్కా బొత్తాం ఊడిందని. ఒకసారి ఏం లేదు. ఆమె కూడా నేర్చుకుంది, ముందే ఊపిరి బిగపట్టడం. అది అతను కనిపెట్టాడు. అప్పట్నుంచీ ముంచే ముందు కడుపులో గుద్దుతాడు. ఊపిరంతా బయటికి పోతుంది. అప్పుడు ముంచుతాడు." ఇస్త్రీ లాండ్రీలో బట్టల లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. "అయ్యాక తువ్వాలు అతనే తెస్తాడు. తల తుడుస్తాడు. జలుబు చేస్తుంది జాగ్రత్త అంటాడు."



"రాసినవాడెవడో గానీ చెయ్యి తిరిగిన దుర్మార్గుడు. నాకు ఒళ్లు జలదరించింది చూడు" అని హారన్ వదిన చెయ్యి చాపి చూపించింది.

నాలుగో కట్ట సూది పిన్నిది. ఆమె కళ్లజోడు సవరించుకుని నసిగింది. "అదేమిటోనమ్మా. నా దాంట్లో ఆ ఇద్దరూ చిలకాగోరింకల్లా ఉన్నారు. ఓడెక్కి వెళ్తుంటే చలేస్తుందని పెళ్లానికి శాలువా కప్పుతాడు. ఈ తొట్టీ గిట్టీ ఎక్కడా లేదు."

"రాసినవాడు మర్చిపోయుంటాడు పిన్నీ. నేను స్టాపులు మర్చిపోవట్లా?"

అందరూ నవ్వారు. ఇస్త్రీ కూడా నవ్వి, ప్రశ్న తనే వేసింది. "ఆమె స్థానంలో మీరుంటే ఏం చేస్తారు?"

"నేనైతే గుడ్డలు మూటగట్టుకుని పుట్టింటికి పోతా" అంది సూది పిన్ని.

"పోతే వాళ్లమ్మను కూడా అదే తొట్టిలో ముంచుతానన్నాడు. అదీ రాశారు."

"నలుగురిలో పెట్టాలి మరి."

"నలుగురూ అతన్ని వెన్న అంటారు పిన్నీ."

హారన్ వదిన బల్ల మీదికి వంగింది. "ఇంత చర్చ దేనికే? వాడూ ఏదో ఒక వేళ మొహం కడుక్కోవడానికి ఆ తొట్టి మీదకి వంగుతాడుగా. వెనకనుంచి వెళ్లి, మెడ మీద రెండు చేతులూ వేసి, వీపు మీద మోకాలు పెట్టి, బుడగలు ఆగేదాకా ఉంచడమే. నేనైతే ఆ తువ్వాలుతోనే చేతులు తుడుచుకుంటా."

ఇస్త్రీ తల తిప్పింది. "నువ్వో అక్కా?"

బైండింగక్క భక్తురాలు. చీమను తొక్కినా చెంపలేసుకునే మనిషి. కానీ కథలోని దుర్మార్గుడి మీద కోపం తెచ్చుకుంటే పాపమేముంది అనుకుంది. పైగా ఆ తువ్వాలు సంగతి ఆమె గుండెల్లో గుచ్చుకుని ఉంది.

"వదిన చెప్పిందే న్యాయం. ఆ నీళ్లతోనే వాడికి తీరాలి. దేవుడు కూడా కాదనడు."

"దేవుడు కూడానా అక్కా?"

"కాదనడు."

ఇస్త్రీ కట్టను బల్ల మీద పెట్టి లేచింది. అతను నిద్ర లేచే వేళైందంటూ చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మిగతా ఇద్దరూ ఎప్పటిలాగే వాకిట్లో నిలబడి ఇంకో కబురు మొదలుపెట్టారు.

బైండింగక్క దబ్బనంలో దారం ఎక్కించుకుని కట్టలు సర్దింది. పేజీల వరుస చూసుకుంటూ మూడో కట్ట తిప్పబోతే కాగితాలు విడిపోలేదు. వెన్ను చీల్చిన రోజు గిన్నెలోంచి ఒలికిన జిగురు అంచున గట్టిపడి, మొదటి పేజీలను అతికించేసింది. నెల మొదట్లో తను ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఎవరూ తెరవలేదు. గోటితో విడదీసి చదివింది. న్యాయస్థానం. సాక్షులు. తాళ్ల గుర్తుల గురించి వాదన. పేజీలు గబగబా తిప్పింది. ఆ కట్టలో వర్తకుడి భార్యే లేదు. తొట్టి అన్న మాటే లేదు.

దబ్బనం ఆమె బొటనవేల్లో దిగింది. రక్తం న్యాయమూర్తి మాటల మీద పడింది. పీకేసి బయటికి పరిగెత్తింది.

"వదినా, అది కథ కాదు. అది దాని కాపురం. దాన్ని మనమే పంపించాం."

హారన్ వదినకు అర్థం కావడానికి రెండు అడుగులు పట్టింది. తర్వాత ముగ్గురూ పరుగే. రెండు వీధుల దూరం. సూది పిన్ని వెనకబడింది, ఆయాసపడుతూనే వచ్చింది. ఇస్త్రీ వాళ్లది మేడ మీద వాటా. మెట్ల మీదకి నీళ్లు కారుతున్నాయి.

తలుపు తీసే ఉంది. స్నానాలగదిలో గుమాస్తా సిమెంటు తొట్టి మీదకి వంగి ఉన్నాడు. భుజాల దాకా నీళ్లలో ఉన్నాడు. ఇస్త్రీ మోకాలు అతని నడుం మీద ఉంది. తడి దుప్పట్లు పిండే రెండు చేతులూ అతని మెడ మీద బిగుసుకుని ఉన్నాయి. అతని కాళ్లు బకెట్‌ను తన్ని, గోడను తన్ని, ఇప్పుడు ఊరికే అదురుతున్నాయి. ఇస్త్రీ అరవడం లేదు. అతని చెవి దగ్గరికి వంగి మెల్లగా చెబుతోంది. "ఊపిరి బిగపట్టు. బిగపట్టు."

బైండింగక్క గుమ్మంలో ఆగిపోయింది. పరిగెత్తి వచ్చిన మనిషి ఎందుకాగిందో ఆమెకే తెలియలేదు. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే తను వచ్చేసరికి అంతా అయిపోయి ఉండేది. సరిగ్గా ఈ క్షణానికే దేవుడు తనను ఇక్కడికెందుకు తెచ్చాడు? వీడు దీన్ని ముంచిన ఇన్ని రోజుల్లో ఒక్కనాడూ ఎవరినీ ఎందుకు తేలేదు?

ఆ కాళ్లు అదరడం తగ్గింది. అప్పుడు కదిలింది.

"వదిలెయ్యి తల్లీ. వాడి కోసం కాదు, నీ కోసం. వదులు."

ఇస్త్రీ వదల్లేదు. వేళ్లు ఊడదీయబోతే మణికట్టు కొరికింది. మోచేత్తో మొహం మీద పొడిచింది. బైండింగక్క పెదవి చిట్లి నోట్లో ఉప్పగా రక్తం ఊరింది. వెనకనుంచి హారన్ వదిన ఇస్త్రీ నడుం పట్టి ఒక్క గుంజు గుంజింది. ముగ్గురూ తడి నేల మీద పడ్డారు. తొట్టి నీళ్లు అందరి మీదా చిమ్మాయి. గుమాస్తా తొట్టి అంచు మీదనుంచి జారి, నేల మీద బోర్లాపడి, నీళ్లు కక్కాడు. గురక లాంటి శబ్దంతో ఊపిరి తీసుకున్నాడు.

"ఎందుకు లాగారు?" అంది ఇస్త్రీ. "మీరేగా చెప్పారు. నిన్ను రెండుసార్లు అడిగాను కదక్కా."

  గుమాస్తా లేచాడు. మూలనున్న బట్టలుతికే కర్ర అందుకున్నాడు. అప్పుడు కూడా అరవలేదు. చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, పెళ్లాం తలను గురి చూసి కొట్టాడు. బైండింగక్క చెయ్యి అడ్డం పెట్టింది. ఎండుకొమ్మ విరిగినట్టు మోచేతి కింద చప్పుడైంది. ఆమె కళ్లముందు తెల్లగా మెరిసింది.

రెండో దెబ్బకు కర్ర లేచేలోపే హారన్ వదిన తలతో అతని పొట్టలో కుమ్మింది. ఊపిరి పోయి ముందుకు వంగినవాణ్ణి జుట్టు పట్టుకుని మొహాన్ని తొట్టి అంచుకేసి కొట్టింది. ఒకసారి. ఇంకోసారి. పళ్లు నేల మీద చిందాయి. కింద పడ్డాక డొక్కలో తన్నింది. బ్రేకు మీద కాలు వేసి వేసి బలిసిన కాలు అది. సూది పిన్ని అప్పటికి మెట్లెక్కి వచ్చి, వదిన భుజం పట్టుకుంది.

"చాలు. పక్కటెముకలు పోయాయి. ఇంకోటి పడితే చస్తాడు."

"చావనీ పిన్నీ."

"చస్తే పోలీసులు నిన్నూ పట్టుకుపోతారు. వదులు."

వదిన ఆగింది కానీ, పిడికిలి విప్పలేదు. దాంట్లో అతని జుట్టు ఉంది.

చప్పుడుకు కింది వాటాలో ఉండే ఇంటి యజమాని పైకి వచ్చాడు. ముసలాయన. ఆయన వెనక మెట్ల మీద ఇంకో నలుగురు. గుమాస్తా గోడకు ఆనుకుని, రక్తం ఉమ్మి, ఆయనవైపు చెయ్యి చాచాడు. ఇప్పుడు కూడా గొంతు మెత్తగానే ఉంది.

"నన్ను చంపబోయింది బాబాయ్. నా పెళ్లామే. మొహం కడుక్కుంటుంటే వెనకనుంచి ముంచేసింది. పోలీసులను పిలవండి. వీళ్లంతా చూశారు. అదుగో, ఆ అక్కను అడగండి. ఆవిడ దేవుడంటే భయమున్న మనిషి. అబద్ధం చెప్పదు."

ముసలాయన బైండింగక్కవైపు తిరిగాడు. ఆయన ఇంట్లోని పారాయణ పుస్తకాలన్నీ కుట్టింది ఈవిడే. ఇద్దరూ ఒకే గుళ్లో ఒకే వరసలో కూర్చుంటారు.

"ఏం జరిగిందమ్మా? నువ్వు చెప్పు. నువ్వు చెబితే నేను నమ్ముతా."

ఇస్త్రీ నేల మీద కూర్చుని తన చేతులవైపే చూసుకుంటోంది. తొట్టి నీళ్లు పడి జుట్టు తడిసి మొహానికి అంటుకుపోయింది. కాదని ఒక్క మాట అనలేదు. అలసిపోయింది. నిజం చెబితే దీన్ని ఈ రోజే తీసుకెళ్తారు. వీడు ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని, వెన్నలాంటి మనిషిగా తిరిగి ఈ ఇంటికే వస్తాడు. ఆ సంగతి బైండింగక్కకు తన విరిగిన చెయ్యి అంత స్పష్టంగా తెలుసు.

"నేను వచ్చేసరికి" అంది, చిట్లిన పెదవితో, "ఈయన చెయ్యి దీని మెడ మీద ఉంది. దీని తల నీళ్లలో ఉంది. మేం లాగాం. నా చెయ్యి విరగ్గొట్టాడు. ఇన్నాళ్లుగా ఇదే చేస్తున్నాడు."

"అక్కా" అన్నాడు గుమాస్తా. నిజంగానే ఆశ్చర్యపోయాడు. మోసపోయిన మనిషి చూపు అది.

ముసలాయన ఇస్త్రీ తడి జుట్టు వైపు చూశాడు. బైండింగక్క వేలాడుతున్న చెయ్యి వైపు చూశాడు. అయినా ఆయనకు పూర్తిగా నమ్మకం కుదరలేదు.

"దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పగలవా తల్లీ?"

"దేవుడి సాక్షిగా" అంది బైండింగక్క.

ఆ మాట మొదటిదానికంటే తేలిగ్గా వచ్చింది.  దేవుడు వింటున్నాడా, విని ఏమనుకుంటున్నాడు అని లోపలికి చెవి ఒగ్గి చూసింది. నీళ్లు కారుతున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

సూది పిన్ని పక్కకు వచ్చి, తన కొంగు చింపి విరిగిన చేతిని ఆమె మెడకు కట్టింది. బైండింగక్క రెండో చెయ్యి ఇస్త్రీకి చాచింది. ఇస్త్రీ చాలాసేపు ఆ చేతిని చూసింది. మణికట్టు మీద తన పళ్ల గాట్లు ఎర్రగా ఉన్నాయి. తర్వాత పట్టుకుని లేచింది. ముసలాయన పక్కకు తప్పుకున్నాడు. మెట్ల మీద జనం గోడకు ఒదిగి దారిచ్చారు.