దొర పరుపుల దూది

హద్దురాయి పాతడానికి సర్కారు మనుషులకు ఆ బీడులో ఇంకెక్కడా జాగా దొరకలేదు. సరిగ్గా జైతున్ బీ పొయ్యి దగ్గరే దొరికింది.

పొయ్యి మీద జొన్నగటక ఉడుకుతోంది. గడ్డపార పట్టుకున్నవాడు కుండను కాలితో తన్ని, పొయ్యిరాళ్లు పీకి, ఆ గుంటలోనే రాయి దింపాడు. పిల్లల అన్నం మట్టిలో కలిసింది. జైతున్ మొగుడు అల్లాబక్ష్ దూదేకులవాడు, నోట్లో నాలుక లేని మనిషి. అంతటి మనిషి లేచి వెళ్లి ఆ రాయిని రెండు చేతులతో పెకిలించి రైలుపట్టాల వైపు విసిరేశాడు.

"ఏ చెయ్యిరా పీకింది?" అని అడిగారు దొర మనుషులు.

అడిగినవాళ్లు జవాబు కోసం ఆగలేదు. అతన్ని పట్టాల దాకా ఈడ్చుకెళ్లి, కుడిచేతిని అదే రాయి మీద పెట్టి గడ్డపారతో కొట్టారు. పోలీసు అమీను అక్కడే ఉన్నాడు. పక్కకు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు. జైతున్ ఎవరెవరు పట్టుకున్నారో, ఎవరు కొట్టారో ఒక్కొక్కరి మొహం చూసి గుర్తు పెట్టుకుంది. చెట్టు కింద గొడుగు నీడలో నిలబడి ఇదంతా చేయించినవాణ్ని మరీ గుర్తు పెట్టుకుంది.

ఆ గొడుగు కింది మనిషి నర్సింగరావు దొర. జనగామ తట్టు దేశ్‌ముఖ్. కమ్యూనిస్టుల సంఘం వాళ్లు గడీ మీదికి వస్తే చీర కట్టుకుని పారిపోయి వచ్చాడని జనం నవ్వుకుంటారు. రజాకార్ల రాజ్యంలో వాళ్లకు యాటలు కోసి విందులు పెట్టాడు. పోలీసు యాక్షన్ జరిగి యూనియన్ మిలిటరీ దిగగానే తెల్లటోపీ పెట్టుకుని దండలు పట్టుకుని ఎదురెళ్లాడు. ఏడాది తిరిగేసరికి మారేడుపల్లిలో బంగళా లేచింది. ఊళ్లో భూములు జనం పంచుకున్నారు గదా, ఇప్పుడు పట్నంలో సర్కారు భూముల మీద పడ్డాడు.

బోయిగూడ వెనక, పట్టాల పక్కనున్న ఈ బీడు ఒకప్పుడు తుమ్మలూ గుంతలూ తప్ప మరేమీ కాదు. దూదేకులవాళ్లు, హమాలీలు, లాలాగూడ రైలు వర్క్‌షాపు కూలీలు వచ్చి తుమ్మలు నరికారు, గుంతలు పూడ్చారు, గుడిసెలేసుకున్నారు. నేల చదునయ్యాకే సర్కారుకు దాని మీద ప్రేమ పుట్టింది. ఖాళీ జాగా అట! ప్రజల మేలు కోసం వేలం వేస్తారట! ఏ ప్రజలయ్యా అంటే, నర్సింగరావు దొర ఒక్కడే.

మరునాడు హమాలీ బాలమ్మ గుడిసె ముందు అందరూ కూడారు. అల్లాబక్ష్ చేతికి కట్టు కట్టి గోడకు ఆనించి కూర్చోబెట్టారు. వర్క్‌షాపులో యూనియన్ నడిపే దేవసహాయం సైకిల్ దిగి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. పాపం, వీళ్ల అర్జీ పట్టుకుని సర్కారు ఆఫీసుకు తిరగని పొద్దు లేదు.

"అర్జీ కొట్టేశారమ్మా. వేలం రేపు శుక్రవారమేనంట" అన్నాడు దేవసహాయం. "ఎవరైనా వచ్చి పాడుకోవచ్చని మొహం మీదే చెప్పాడండీ ఆ ఆఫీసరు."

"పాడుకునుడేందన్నా? తాళాలు గిట్ల తెచ్చుకోమన్నడా?" అంది బాలమ్మ. అంత బాధలోనూ జనం నవ్వారు.

"దొరను పట్టుకుని బొక్కలిరగ్గొడదాం!" అన్నాడు ఒక హమాలీ.

"అదేనయ్యా వాళ్లకు కావాల్సింది" దేవసహాయం గొంతు పెంచాడు. "ఒక్క దెబ్బ పడనివ్వు. మిలిటరీ వచ్చి కమ్యూనిస్టులని కాల్చిపారేస్తుంది. అడిగే నాథుడు కూడా ఉండడు."

"మరి నా పెనిమిటి చెయ్యి?" అంది జైతున్.

ఆమె దేవసహాయం వైపు తిరిగింది. "అన్నా, ఆ పాట ఎట్ల జరుగుతది? జెర ఒక్కటొక్కటి చెప్పు."

"ఈ జాగాలోనే జరగాలమ్మా. కొనేవాడు ధర నోటితో చెప్పాలి. ఆఫీసరు దాన్ని అందరికీ వినబడేలా మూడుసార్లు అరవాలి. అప్పుడే ఖాయం. లేకపోతే చెల్లదు."

"నోటితోనే చెప్పాల్నా?"

"నోటితోనే."

జైతున్ లేచి తన గుడిసెలోకి వెళ్లి ఒక బరువైన పరుపును ఈడ్చుకొచ్చి నడిమధ్యన పడేసింది. మీద పట్టు గలేబు. "దొరసాని పంపింది. ఇంక సుత ఉన్నయి లోపల" అంది.

ఏటా చలికి ముందు బంగళాల వాళ్లు పాత పరుపులు ఏకడానికి ఇస్తారు. ఎవరి గుడిసెకు పోతున్నాయో వాళ్లకేం పట్టింది? దొర ఇంటి పరుపులన్నీ అల్లాబక్ష్ చెయ్యి విరగకముందే వచ్చి పడి ఉన్నాయి.

"గాలొచ్చే దిక్కు కూసోని, అందరం ఒక్కపారి ఏకుదాం. వాని దూది వాని నోట్లనే కొడదాం. ధరెట్ల చెప్తడో చూస్త" అంది జైతున్.

అల్లాబక్ష్ తల అడ్డంగా ఊపాడు. "తప్పు జైతున్! పరాయోళ్ల దూది అమానతు, మనల నమ్మి దాచుమని ఇచ్చిన సొమ్ము. మా తాత కాడికెళ్లి ఒక్క పోగు సుత పోనియ్యలే. గాలి లేస్తే తలుపు మూసి ఏకేటోళ్లం. బయటికి తెచ్చి గాలికిడుస్తవా?"

"ఈ జాగ సుత అమానతే గదా!" అంది జైతున్. "జనం జాగను సర్కారు చేతుల పెట్టిండ్రు, కాపాడుమని. గది అమ్ముకుంటె తప్పు లేదు, నేను దూది ఇడిస్తె తప్పయితదా? నీ చెయ్యి ఎవని అమానతు? వాడెందుకు ఇరగ్గొట్టిండు?"

అల్లాబక్ష్ పక్కనున్న దూదేకులవాడి విల్లును ఎడమచేత్తో దగ్గరికి లాక్కుని, దూదిని ఏకే నరాన్ని మీటి చూశాడు.

"నరం గట్టిగ బిగించు," అన్నాడు చివరికి. "వదులుగుంటె దూది దూరం పోదు."

శుక్రవారం పొద్దున షామియానా వేశారు. ఆఫీసరు కుర్చీలో, దొర సోఫాలో. పోటీకి వచ్చినవాళ్లెవరనుకున్నారు? దొర జీతగాళ్లే, కోట్లు తొడిగి కూర్చోబెట్టాడు! వాళ్లు పాడినట్టు పాడతారు, దొర పెంచినట్టు పెంచుతాడు, భూమి మట్టి ధరకు పోతుంది.

షామియానాకు పడమట దూదేకులవాళ్లు వరసగా కూర్చున్నారు. విల్లు ఎన్నడూ పట్టని ఆడవాళ్లు కూడా పట్టారు. అమీను వచ్చి "ఏందిది?" అన్నాడు. "మా పని మేం చేసుకుంటున్నం సాబ్" అంది జైతున్. వాళ్ల వెనక హమాలీలు, వర్క్‌షాపు మానేసి వచ్చిన కూలీలు కిక్కిరిసి నిలబడ్డారు. పడమటి గాలి లేచింది.

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. జైతున్ కొయ్యగూటంతో నరాన్ని కొట్టింది.

టంయ్! దాని వెంట వరసంతా మోగింది. చెవులు గింగుర్లెత్తాయి. చిరిగిన పట్టు గలేబుల్లోంచి ఏళ్ల నాటి మురికి దూది లేచి గాలినెక్కి షామియానాలోకి దూరింది. దొర చెమట, దొర చుట్టల కంపు, దొర నిద్రపోయిన రాత్రుల దుమ్మంతా తిరిగి దొర మీదే పడింది. ధర చెప్పడానికి నోరు తెరిచాడు, దగ్గు తప్ప మాట రాలేదు. ఆఫీసరు "ఒకటోసారి" అన్నాడో, "అయ్యో" అన్నాడో అతనికే తెలియదు.

"గుర్తుపట్టినవా దొరా? నీ పరుపే!" జైతున్ గూటం ఆపకుండా అరిచింది. "నా పెనిమిటి చేత్తోని ఏకాల్సింది! నా చేత్తోని తిను!"

జనం గొల్లున నవ్వారు. కోటు తొడుక్కున్న జీతగాడొకడు ఉక్కిరిబిక్కిరై కోటు విప్పి కింద పడేసి, "నాకేం జాగలొద్దు, నేను దొరింట్ల పశువులు గాసెటోన్ని!" అని జనంలోకి వచ్చేశాడు. వేలం పాట నడివీధి పాలైంది. ఆఫీసరు మొహానికి రుమాలు అడ్డం పెట్టుకుని కారెక్కి పోయాడు.

అప్పుడు లాఠీలు లేచాయి. విల్లులు విరిగాయి, తలలు పగిలాయి. జైతున్‌ను జుట్టు పట్టి ఈడ్చుకెళ్లి దొర ముందు నిలబెట్టారు. దొర కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి, కనుబొమ్మల నిండా దూది.

"కాళ్లు మొక్కి, పరుపులు కుట్టిస్తనని చెప్పు, ఇడిచిపెడత" అన్నాడు అమీను.

"కుట్టిస్త సాబ్," అంది జైతున్. "ముందు నా పెనిమిటి చెయ్యి ఎప్పటిలెక్క చేసియ్యమను."

ఆమెనూ దేవసహాయాన్నీ ఠాణాలో వేశారు. మర్నాడు బాలమ్మ రొట్టెలు పట్టుకుని వచ్చింది. నుదుటికి కట్టు ఉంది, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఊచలకు దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది.

"హద్దురాళ్లన్ని పీకినం చెల్లె. బండికెత్తి దొర గేటు ముందల కుమ్మరించినం. వంట చేసే ముసలామె మనదే, ఎనక తలుపు తీసింది. ఒక్క రాయి మాత్రం లోపలికి తీస్కపోయి వాని పొయ్యిల పాతినం. నీ పొయ్యిల పాతిన రాయే."

జైతున్ మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. పక్క గదిలోంచి దేవసహాయం అడిగాడు, "వేలం మళ్లీ ఎప్పుడంటమ్మా?"

"వచ్చే నెలనట. ఈసారి మిలిటరీని పెట్టి పాడిస్తడట ఆ ఆఫీసరు."

జైతున్ రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. తీరిగ్గా నమిలి మింగింది.

"ఆ ఆఫీసరింట్ల పరుపులు ఎవరు ఏకుతరో జెర కనుక్కో అక్కా," అంది.