గుత్తులు ముంచిన మగ్గు

నేను ఒక ప్లాస్టిక్ మగ్గును. స్నానాల గదిలో బతకాల్సినదాన్ని, మేడ్చల్ దగ్గర ద్రాక్షతోటలో పడ్డాను. నాలో మందునీళ్లు పోసి లేత గుత్తిని ముంచి తీస్తే చాలు, కాయ లావెక్కుతుంది. పదేళ్లు నన్ను పట్టిన చేయి కూలి బుచ్చమ్మది. ఆమె ముంచితే బఠాణీ కూడా రేగుపండవుతుందనేవాళ్లు. వింటే నాకూ గర్వంగానే ఉండేది.

ఆ తోట తెగులొచ్చి పోయింది. యజమాని దామోదర్ రెడ్డి ఉన్న డబ్బంతా ఊడ్చి, వైన్ కంపెనీవాళ్లిచ్చిన కొత్త రకం నాటాడు. మొదటి పంట వాళ్లకు నచ్చాలి. లేదంటే తీగలన్నీ పీకేసుకోవాల్సిందే.

కాయలు పట్టాయి. బుచ్చమ్మ ఒక గుత్తిని దగ్గరకు వంచి చూసింది.

"ఓయమ్మో, గివేం కాయలు! మిరియాల లెక్కున్నయి. సారు కొంప మునుగుతది!"

సారేమో పెళ్లికని ఊరెళ్లాడు. ఇంకేం, పాత తోటప్పుడు మిగిలిన మందు వెతికి తీసి, నన్ను కడిగి, కొంగు బిగించింది. మూడు రోజులు ముంచాం. చివరి వరుసకొచ్చేసరికి మందైపోయింది. ఒక్క బిడ్డకు అన్నం మిగల్లేదన్నట్టు ఎంత బాధపడిందో!

కాయలు ఉబ్బాయి. "నీ చేయి మంచిదక్కా" అని సారు మురిసిపోయాడు. ఆమె ముసిముసిగా నవ్వింది తప్ప, సంగతి చెప్పలేదు.

కోతకు ముందు కంపెనీ ఆయన వచ్చి లావుకాయ ఒకటి చిదిమాడు. నీళ్లలాంటి రసం కారింది. ఆయన అదిరిపడ్డాడు.

"ఏంటండీ ఇది! వైన్‌కు ఈ రకం కాయ చిన్నగా, తోలు మందంగా, వగరుగా ఉండాలి. మిగతా నల్లద్రాక్షకు రంగంతా తోలులోనే, దీనికి కండ కూడా ఎరుపే. ఎవరు పాడుచేశారు?"

సారు తోటంతా కలియజూశాడు. నేనైతే అక్కడికక్కడే పగిలిపోతే బాగుండుననుకున్నాను. మేలనుకొని చేసిన పనే కదా, ఎంత ఘోరం!

"నేనే ముంచిన సార్. సన్నగుంటే మీరు కొనరనుకున్న" అంది బుచ్చమ్మ. పరుగున పోయి చివరి వరుసలోంచి ఒక గుత్తి తెచ్చింది. "గీ వరుసకు మందు చాలలే."

చిదిమితే ఆయన అరచెయ్యంతా నెత్తురు పూసినట్టయింది.

"ఈ ఒక్క వరుసే తీసుకుంటాం. వచ్చే ఏడు తోటంతా ఇలా ఉండాలి. అదే ఆఖరి అవకాశం."

సారు ఆమెను పల్లెత్తు మాటనలేదు. అదే ఆమెకు మరీ కష్టమైంది. ఆ సాయంత్రమే నన్ను పందిరి రాతిస్తంభానికి బోర్లా కట్టేసింది.

ఇప్పుడు మళ్లీ మిరియాలంత కాయలు పట్టాయి. చూస్తే నా ప్రాణం ఉసూరుమంటోంది. బుచ్చమ్మ రోజూ వచ్చి ఆ గుత్తుల కింద నిలబడుతుంది, రెండు చేతులూ కొంగులో గట్టిగా చుట్టుకొని.