మనవాళ్ళకని తెచ్చిన ఇన్వర్టర్

కరెంటు స్తంభాలు ఆగిపోయిన చోటు దాటి ఇంకా చాలా దూరం పోతే గాని ఆ ఇల్లున్న చిన్న ఊరు కనపడదు. పైకప్పు మీద సోలార్ ప్యానెళ్ళు, వంటింటి వెనక కొట్టులో బ్యాటరీలు, వాటి పక్కన గోడకి ఇన్వర్టర్. బ్యాటరీల్లో దాచిన కరెంటుని మోటారుకీ ఫ్యానుకీ పనికొచ్చేలా మార్చేది ఆ పెట్టే. ఉరుములు ఉరిమిన ఒక మధ్యాహ్నం అది టప్పున పేలి మూగపోయింది.

ఆ ఇంటి కోడలు గుడ్లు పొదిగించి కోడిపిల్లల్ని అమ్ముతుంది. ముందుగది సగం ఆక్రమించి, గుడ్లని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరే ఆమె జీవనాధారం. అందుకే ఏడుస్తూ కూర్చోకుండా, పొదుగు మీదున్న పెట్టల కింద పట్టినన్ని గుడ్లు సర్ది, మర్నాడే బస్సెక్కి పట్నంలో సోలార్ సామాను దుకాణానికి వెళ్ళింది.

దుకాణం ఆవిడ ముందు ఒకటే అడిగింది. "ఇంట్లో తిరిగేవి ఏమున్నాయమ్మా?"

"నీళ్ళ మోటారు. ఇంక్యుబేటర్లో ఫ్యాను."

"అయితే చవక రకం జోలికి పోకండి. అది ఇచ్చే కరెంటు మెట్లు మెట్లుగా వస్తుంది. బల్బులకి పర్వాలేదు గాని ఫ్యాన్లు మూలుగుతాయి, వేడెక్కుతాయి. నున్నగా వచ్చేది తీసుకోండి. మోటారు మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా గుంజుతుంది చూడండి, ఆ గుంజుడుకి కూడా తట్టుకోవాలి."

ఆవిడ చూపించిన పెట్టెని కోడలు రెండు చేతులతో ఎత్తబోయింది. కదల్లేదు. లోపల రాగి చుట్ట దండిగా ఉంటుందని, బరువే దాని బలమని ఆవిడ చెప్పింది. ఇదే కొనాలని కోడలు అక్కడే నిర్ణయించుకుంది. రంపం మిల్లులో పనిచేసే భర్త కూడా సాయంత్రం సరేనన్నాడు.

కాని వాళ్ళు కొనేలోపే ఆడపడుచు భర్త ఊడిపడ్డాడు. ఇన్వర్టర్ల వ్యాపారం ఆయనది. మాటకి ముందొకసారి, వెనకొకసారి "నాదీ గ్యారంటీ" అంటాడు కాబట్టి ఊళ్ళో వాళ్ళకి ఆయన గ్యారంటీ బావ. గ్యారంటీ కాగితం మాత్రం ఎవరికీ ఇచ్చిన పాపాన పోలేదు. ఆయన చంకలో అట్టపెట్టె ఉంది. అంత తేలిగ్గా చంకలో పెట్టుకోవడం చూడగానే కోడలికి అనుమానం వచ్చింది.

"బయట కొంటారటగా? నేను చచ్చాననుకున్నారా?" అంటూ గోడకి బిగించేశాడు. పెట్టె మీద అయిదు వేల వాట్లని గుమ్మడికాయంత అంకెలు. స్విచ్చి వేశాడు. బల్బు వెలిగింది. అత్తగారి మొహం అంతకంటే వెలిగింది.

ఇంక్యుబేటర్లో ఫ్యాను మాత్రం కందిరీగ సీసాలో ఇరుక్కున్నట్టు రొద పెట్టింది.

"అన్నయ్యగారూ, ఇది మెట్ల కరెంటు రకం కదండీ?"

"అబ్బో, చెల్లెమ్మ ఇంజనీరైపోయిందే!" అని ఆయన అత్తగారి వైపు తిరిగి నవ్వాడు. "కొత్తలో అలాగే ఉంటుందమ్మా. నాలుగు రోజులాగితే సర్దుకుంటుంది. నాదీ గ్యారంటీ."

"అల్లుడుగారు అంత ప్రేమగా తెస్తే వంకలేమిటే!" అంది అత్తగారు. భర్త వైపు చూసింది కోడలు. అతను చెప్పుల వైపు చూసుకున్నాడు. ఆయన వెళ్ళాక గొణిగాడు. "వద్దంటే అక్క బాధపడుతుందే. కొన్నాళ్ళు చూద్దాం."

చూశారు. నీళ్ళ మోటారు మొదలవ్వాలంటే ఇంట్లో అన్నీ ఆపాలి, అప్పటికీ అది మూడుసార్లు మూలిగి నాలుగోసారి పడుకునేది. కోడలు బిందెలు మోసింది. ఇంక్యుబేటర్ అద్దం మీద చేయి వేస్తే ఒకసారి కాలుతుంది, ఒకసారి చల్లగా తగులుతుంది. వేడి చూపించే అంకెలు మాత్రం పొద్దస్తమానం అంతా సవ్యంగానే ఉందని చెప్పేవి. ఆ అంకెలకీ గ్యారంటీ బావకీ చుట్టరికం ఉన్నట్టుంది అనుకుంది.

పిల్లలు దిగాల్సిన రోజొచ్చింది. ఒక్క గుడ్డు కూడా పగల్లేదు. ఇంకో రెండు రోజులు చూసింది. మూడోరోజు లోపల ఏదో టప్పుమంది. తలుపు తీయగానే కంపు ముఖాన కొట్టింది. ఒక గుడ్డు పేలి, ఆకుపచ్చ నీళ్ళు ట్రే మీదుగా కారి, ఫ్యాను రెక్కలకి అంటుకుని గదంతా చిమ్ముతున్నాయి. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ట్రేలన్నీ పెరట్లోకి మోసి, ఒక్కో గుడ్డూ పగలగొట్టి చూసింది. కొన్నింట్లో సొన, కొన్నింట్లో కళ్ళు మాత్రమే ఏర్పడ్డ ముద్ద. ఒకదాంట్లో తడి ఈకలతో, ముక్కు పెంకుకి ఆనించి, పొడవడానికి సిద్ధమైపోయిన పిల్ల. దాన్ని చూశాక కోడలు గోడ పట్టుకుని కక్కుకుంది.

ఆ సమయానికే గ్యారంటీ బావ వచ్చాడు. గుమ్మంలోనే చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"గుడ్లే మంచివి కావమ్మా. మీ పుంజు ముసలిదై ఉంటుంది."

నిక్షేపంలాంటి పుంజు పెంటకుప్ప మీద నిలబడి ఆయన వంకే చూస్తోంది. కోడలు చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంటోంది గాని వాసన వదలడం లేదు. అత్తగారు లోపల అల్లుడికి అన్నం వడ్డించింది. ఆ కంపులోనే ఆయన మారు వడ్డించుకుని, వేళ్ళు చప్పరించుకుంటూ తిన్నాడు. ఆ చప్పుడు వినలేక కోడలు పెరట్లోనే ఉండిపోయింది. కుళ్ళిన గుడ్లని గోతిలో కప్పెట్టడమే నయమనిపించింది.

ఆయన వెళ్ళిన తరవాత స్క్రూడ్రైవర్ తీసుకుని కొట్టులోకి వెళ్ళింది. గుమ్మడికాయ అంకెల స్టిక్కర్ ఒక మూల లేచి ఉంది. గోటితో లాగితే అరటితొక్కలా ఊడొచ్చింది. కింద ఇంకో స్టిక్కర్. దాని మీద వెయ్యి వాట్లే. మూత విప్పింది. జిడ్డు పట్టిన దుమ్ము, తుప్పు, దాని నిండా బొద్దింకల గుడ్ల తిత్తులు, ఎండిపోయిన రెక్కలు. ఎవరిదో పాతది తెచ్చి, పైన రంగేసి, తన అత్తగారింటి గోడకి తగిలించాడు.

ఆ సాయంత్రం భర్తకి చూపించింది. అతను తీగలు విప్పి, పెట్టెని కిందకి దించాడు.

"పద. అక్కయ్య వాళ్ళింటికి వెళ్దాం."

వీధి చివర ఆడపడుచు ఇల్లు. అక్కడా సోలారే. వరండాలోనే గోడవార, స్టాండు మీద, ఇన్వర్టర్ చల్లగా తన పని తాను చేసుకుంటోంది. లోపల ఫ్రిజ్జు, తలమీద ఫ్యాను, దేనికీ చడీచప్పుడు లేదు. కోడలు వంగి చూసింది. పట్నం దుకాణంలో తను ఎత్తలేకపోయిన రకమే.

"అన్నయ్యగారూ, మీ ఇంట్లో ఇది పెట్టుకుని మాకు బొద్దింకల గూడు తెచ్చారా?"

ఆయన తడబడలేదు. దానికే ఆమెకి ఎక్కువ అసహ్యం వేసింది. సోఫాలో వెనక్కి వాలి, చిన్నపిల్లకి లెక్క విప్పి చెప్పినట్టు చెప్పాడు. "బయటివాళ్ళకిస్తే గొడవ చేస్తారమ్మా, వీధిన పెడతారు. మీరు మనవాళ్ళు కదా, సర్దుకుపోతారని ఇచ్చాను. ఆపాటి చనువు లేదా నాకు?"

ఆడపడుచు కూడా తలూపింది. "అంతే కదరా తమ్ముడూ. మనలో మనకెందుకు పట్టింపులు?"

మనవాళ్ళు అనే మాటని కూడా ఆయన పైన రంగేసి, లోపల బొద్దింకలతో నింపాడు. కోడలు పెట్టెని తెల్లటి టేబుల్ గుడ్డ మీద పెట్టింది. మూత బిగించలేదు. అది కాస్త ఒరిగేసరికి తిత్తులు జలజలా రాలాయి. ఆడపడుచు కెవ్వుమంది.

"మనవాళ్ళే కదా వదినా, సర్దుకోండి," అని కోడలు బయటికి నడిచింది. భర్త వెనకే వచ్చాడు. దారిలో అతను క్షమించమనలేదు గాని, మర్నాడు మిల్లుకి సెలవు పెట్టాడు.

దుకాణానికి ఇద్దరూ వెళ్ళారు. ఈసారి ఆమె మాటల మీద ఆధారపడదలచుకోలేదు. ఇంక్యుబేటర్ ఫ్యానూ, నీళ్ళ మోటారూ ఊడదీసి ఆటోలో తెచ్చింది. "రెండూ ఒకేసారి తిప్పి చూపించండి. తిరిగితేనే తీసుకుంటాను," అంది. దుకాణం ఆవిడ నవ్వి, కౌంటర్ పక్కనే కలిపింది. మోటారు ఒక్క ఉదుటున అందుకుంది. ఫ్యాను చెవి ఆనించి వింటే గాని తెలియనంత మెత్తగా తిరిగింది. ఆ బరువుకి భర్త నడుం పట్టేసింది. పాపం, కిక్కురుమనలేదు.

తరవాతి దఫా ముందుగది నిండా కిచకిచలు. అత్తగారు కొన్నాళ్ళు కోడలితో మాట్లాడలేదు, కుళాయి నీళ్ళు మాత్రం తలంటుకి కూడా దండిగా వాడుకుంది.

గ్యారంటీ బావ అంతటితో సిగ్గుపడి ఉంటాడని కోడలు అనుకుంది. ఒక ఉదయం ఆయన ఎవరో కొత్త మనిషిని వెంటబెట్టుకుని తిన్నగా కొట్టులోకి వచ్చేశాడు. "చూడండి, మా బావమరిది ఇల్లు. నేను దగ్గరుండి పెట్టించిందే ఇది. నాదీ గ్యారంటీ."

కోడలు కోడిపిల్లలకి నూక వేస్తున్నదల్లా లేచి వచ్చింది. ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది.

"ఇది పట్నంలో కొన్నామండీ," అంది ఆ కొత్త మనిషితో. "ఈయన మాకిచ్చింది విప్పితే బొద్దింకలొచ్చాయి. మీరు కొనేముందు మూత తీయించి చూసుకోండి."

ఆ మనిషి ఆయన మొహం చూశాడు, అత్తగారి మొహం చూశాడు. అత్తగారు అల్లుణ్ణి వెనకేసుకొస్తుందనే కోడలు అనుకుంది. ఆవిడ మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. కొత్త మనిషి పనుందంటూ బయల్దేరాడు.

ఆయన కదల్లేదు. నొచ్చుకున్నట్టు కూడా కనిపించలేదు. "ఎంత మాటన్నావు చెల్లెమ్మా," అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సరే గాని, కాస్త కాఫీ పెట్టు."

కోడలు ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి, నూక చేట తీసుకుని పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది. వంటింట్లోంచి అత్తగారు కూడా రాలేదు. కాసేపు ఎదురుచూసి, ఆయనే లేచి పోయాడు.