గేటు ముందు జరిగింది

చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో నలభై మిషన్ల మీద అజమాయిషీ టేపక్కది. పొద్దస్తమానం మెడలో కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. పదకొండేళ్ల కొలువులో యజమాని మాటకు ఎదురాడి ఎరగని మనిషి.

కాజాలు కుట్టే అమ్మాయి ఆ ఏడాదే చేరింది. మంచి పనిమంతురాలు. అప్పుడప్పుడూ కన్ను కమిలి వచ్చేది. అడిగితే మెట్ల మీద జారానంటుంది. ఒకే మనిషి అన్నిసార్లు జారదని టేపక్కకు తెలుసు. తెలిసీ, ఎవరింటి గుట్టు వాళ్లదిలే అని నోరు మెదపలేదు.

ఆ అమ్మాయి మొగుడు వారానికి రెండుసార్లయినా ఆఫీసుకు ఫోన్ చేసేవాడు. గొంతులో తేనె ఒలికేది. మా ఆవిడ ఇవాళ ఎన్నింటికి దిగుతుందండీ, బండి మీద తీసుకెళ్దామని, అనేవాడు. టేపక్క షిఫ్టు కాగితం చూసి చెప్పేసేది. ఓ మంగళవారం కూడా అలాగే చెప్పింది, నాలుగింటికని. ఆ అమ్మాయి అతణ్ని వదిలేసి పిన్ని ఇంట్లో తలదాచుకుని అప్పటికి పది రోజులైందని ఆవిడకు తెలియదు. పెళ్లాం కోసం వెతుకుతున్న అతనికి తెలిసిన చోటు ఫ్యాక్టరీ ఒక్కటే.

నాలుగూ ఐదు నిమిషాలకల్లా గేటు ముందే ఆమె మణికట్టు విరిచాడు. మొగుడూ పెళ్లాల తగువులో మనం తలదూర్చడం ఎందుకని వాచ్‌మన్ కుర్చీలోంచి లేవలేదు.

మర్నాడు యజమాని టేపక్కను పిలిచి ఓ కాగితం ముందుకు తోశాడు. ఫ్యాక్టరీ పరువు తీసినందుకు కాజాల అమ్మాయిని పనిలోంచి తీసేస్తున్నట్టు అందులో ఉంది. తన సంతకం కింద సూపర్‌వైజరు సంతకం కూడా కావాలన్నాడు. ఆయన మరీ దుర్మార్గుడేం కాదు. గొడవంటే హడలు, అంతే.

“నేను పెట్టను సార్,” అంది టేపక్క. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

“వాళ్లింటి గొడవ మన నెత్తికెందుకమ్మా?”

“ఇంట్లో జరగలేదు సార్. మన గేటు ముందు జరిగింది. ఆ పిల్ల ఎన్నింటికి బయటికొస్తుందో వాడికి చెప్పింది మన ఫోనే. చెప్పిన నోరు నాది. చూస్తూ కూర్చుంది మన వాచ్‌మన్. మిషన్లో పడి చెయ్యి విరిగితే మన బాధ్యతేగా? ఇదెందుకు కాదు?”

“నాకే చట్టాలు చెప్తున్నావా?”

“నాకు చట్టం తెలీదు సార్. అందుకే లేబరాఫీసుకెళ్లి అడుగుతా. జరిగిందంతా రాసిస్తా, నా తప్పుతో సహా. ఈ కాగితం కూడా జత చేస్తా.”

నీ ఉద్యోగమూ ఊడుతుందని ఆయన బెదిరించాడు. ఊడితే ఊడనివ్వండని ఆవిడ కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. అది చూశాక ఆయన స్వరం తగ్గింది. గంటసేపు బేరమాడాడు. టేపక్క మెట్టు దిగలేదు. చెయ్యి అతుక్కునేదాకా జీతంతో సెలవు, వాడి మీద కేసు పెట్టి కోర్టుకెళ్లే రోజులకు జీతంలో కోత లేదు, ఎవరి షిఫ్టు వేళలూ ఫోనులో ఎవరికీ చెప్పకూడదు, వాడు కనబడితే వాచ్‌మన్ పోలీసులను పిలవాలి. అన్నిటికీ ఒప్పుకున్నాడు కానీ రాతలో మాత్రం ఇవ్వనన్నాడు. టేపక్కే పెద్దక్షరాలతో రాసి బోర్డుకు గుచ్చింది. ఆయన చూసి, చూడనట్టు వెళ్లిపోయాడు.

అసలు కష్టమైన పని ఆ సాయంత్రం చేసింది. పిన్ని ఇంటికి వెళ్లి, కట్టుతో కూర్చున్న అమ్మాయికి ఫోను సంగతి చెప్పేసింది. ఆ అమ్మాయి కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి లాక్కుంది.

“నాకు మీ మీద కోపంగా ఉందక్కా.”

“ఉండనీ తల్లీ. పనిలోకి మాత్రం రా.”

రెండు నెలలకు వచ్చింది. నాలుగో రోజు మధ్యాహ్నం వాడూ వచ్చాడు. వాచ్‌మన్ గేటు మూసి ఫోను అందుకున్నాడు. నా పెళ్లాన్ని పంపండని వాడు కడ్డీలు పట్టుకుని అరుస్తుంటే లోపల మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. టేపక్క గేటు దగ్గరికొచ్చింది. ఆవిడ వెనక నలభై మంది.

“ఇక్కడ నీ పెళ్లాం ఎవరూ లేరు. మా కాజాల మనిషి ఉంది. ఆవిడ్ని ముట్టుకోవాలంటే ముందు మమ్మల్నందర్నీ దాటాలి.”

పోలీసులు వచ్చి వాణ్ని జీపెక్కించారు. సాక్షిగా టేపక్క జీపు వైపు నడవబోతే, కాజాల అమ్మాయి ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

“నా సంగతి ముందు నేను చెప్తానక్కా,” అని తానే ముందుకెళ్లింది.