తీగ మీది పాలకవర్లు

పాల ప్యాకెట్టును పై అంచున నిలువునా కాకుండా అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. మూలలో చిన్న చిల్లి పెడితే పాలు వస్తాయి గానీ చెయ్యి పట్టదు. కడిగి, తిరగేసి, దొడ్లో బట్టల తీగకు క్లిప్పులు పెట్టి ఆరేస్తాను. మా సఫూరా ఏదీ పారెయ్యదమ్మా, మహా పొదుపరి అని మా అత్తమ్మ పక్కింటివాళ్ళతో చెబుతుంది. నిజానికి ఆ కవర్లు నా చేతులకు తొడుక్కోవడానికి. అవి తొడుక్కుని నేను మా ఆయన కాళ్ళు పట్టాలి.

మా ఆయన మొహిద్దీన్ బాషా గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషను కొట్లో గుమాస్తా. సీజన్లో ఆ కొట్టు నుంచి బస్తాలు మా ఇంటికి వస్తాయి, తొడిమలు తియ్యడానికి. వంటయ్యాక వరండాలో కూర్చుంటే పొద్దుగూకేదాకా తుమ్ములూ దగ్గులే. మా చంటిపిల్ల ఏడిస్తే దాని కళ్ళు మోచేత్తో తుడుస్తాను. ఆ కూలి ఆయన జీతంలో కలిసి ఆయన చేతికే వస్తుంది కాబట్టి అది నా కూలి అని ఇంట్లో ఎవరికీ అనిపించదు. కొన్నాళ్ళకు నాకూ అనిపించడం మానేసింది. సబ్బుతో రుద్దినా కొబ్బరినూనె రాసినా మంట మాత్రం వేళ్ళను వదలదు. ఏళ్ళ తరబడి తీసి తీసి వేలిముద్రలు అరిగిపోయాయి. రేషను మిషను నా వేలిని గుర్తుపట్టదు, ఫోనూ గుర్తుపట్టదు. నేను నెంబరు కొట్టి తెరుచుకోవాలి. నీ వేలు ఎలాగూ పట్టదు, నాదైనా ఉండనీ అని మా ఆయన తన బొటనవేలు నా ఫోనుకు నేర్పారు. అది నాకు చేసిన ఉపకారం లాగే చెప్పారు.

పెళ్ళైన కొత్తలో ఒకరోజు తొడిమలు తీసిన చేతులతోనే కాళ్ళు పట్టాను. ఆయన లేచి బకెట్టు నీళ్ళు గుమ్మరించుకుని, "కారం చేతులతో మొగుణ్ణి ముట్టుకుంటావా, బుద్ధుందా?" అన్నారు. మర్నాడు వంటింట్లోంచి ఖాళీ పాలకవరు తెచ్చి ఇచ్చింది కూడా ఆయనే. సమస్య తీరిపోయింది. చేతులు అంతగా మండుతున్న రోజు కాళ్ళు పట్టకపోయినా ఫరవాలేదని ఆయనకు తోచలేదు, అత్తమ్మకు తోచలేదు, ఆ రోజున నాకూ తోచలేదు.

తోచింది గ్రూపులో. మా ఊరి బడిలో పనిచేసే రాగసుధ టీచరు ఆడవాళ్ళ కోసం వాట్సాప్‌లో పెట్టిన గ్రూపు అది. మగవాళ్ళకు అనుమానం రాకుండా 'కుట్టు మెషీను నేర్చుకుందాం' అని పేరు పెట్టారు. అందులో సూదిలో దారం ఎక్కించినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇక్కడి మాట బయటికి పోకూడదు, అదొక్కటే షరతు. ఒక మధ్యాహ్నం బాత్రూములో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో పాలకవర్ల సంగతి గొంతు రికార్డు చేసి పంపాను. పైవీధి నజ్మీన్ ఒకే ముక్క రాసింది. "నేను పాత చున్నీ చుట్టుకుంటాను." అది చదివి ఏడ్చాను, కానీ ఆ పూట అన్నం సహించింది.

ఇవాళ పొద్దున నజ్మీనే ఫోను చేసి ఫేస్‌బుక్ చూడమంది. మా మండలానికంతా 'మన మాట' అని ఒక పేజీ ఉంది. రోడ్డు గుంతల దగ్గర్నుంచి దేశ రాజకీయాల దాకా అందరూ అక్కడ వాదించుకుంటారు. మా ఆయన అక్కడ పెద్దమనిషి. ఆ పేజీలో నా మాటలు ఉన్నాయి. పేరు లేదు, ఊరు లేదు. మిరపకాయలున్నాయి, మంట ఉంది, పాలకవర్లున్నాయి.

టీచరుకు ఫోను చేశాను. నా మాటలు పేజీలో ఎందుకు పెట్టారని అడిగాను.

"పేరు తీసేశాను కదా సఫూరా," అన్నారు.

"పేరు తీశారండీ. పాలకవర్లు తియ్యలేదు."

"అవి కూడా తీసేస్తే ఇంకేం మిగులుతుందమ్మా? మూల కూర్చుని మనలో మనమే చెప్పుకుంటూ పోతే వాళ్ళకెప్పుడు తెలుస్తుంది? నలుగురి మధ్యా పడాలి. నిన్ను అడగాల్సింది, తప్పే."

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. కానీ నలుగురి మధ్యా పడ్డది ఆవిడ కాళ్ళూ చేతులూ కావు. తీసెయ్యమన్నాను. తీసేస్తానన్నారు గానీ, అప్పటికే ఎవరెవరో తమ తమ గోడల మీద పెట్టేసుకున్నారట.

ఆయన చదువుతారు, పట్టేస్తారు, ఫోను లాక్కుంటారు. ఫోను పోతే గ్రూపు పోతుంది. నేను మాట్లాడే చోటు ఈ భూమ్మీద అదొక్కటే. తీగ మీది కవర్లు దాచేద్దామని దొడ్లోకి రెండుసార్లు వెళ్ళాను. దాస్తే ఎక్కడున్నాయని అడుగుతారు. వాటిని అలాగే వదిలేసి వచ్చి బస్తా ముందు కూర్చున్నాను.

పొద్దుగూకి, మసీదులో మగ్రిబ్ అజా అయ్యాక ఆయన వచ్చారు. టీ తాగుతూ ఫోను తీశారు. కాసేపటికి, "అమ్మా, ఇది విను," అంటూ పైకి చదవడం మొదలుపెట్టారు. నా మాటలు ఆయన గొంతులో వినపడుతుంటే నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. మొత్తం చదివారు. ఒక్క ముక్క వదల్లేదు.

"ఛీ, వీడసలు మనిషేనా? పెళ్ళాం చేతులు మండిపోతుంటే కవర్లు తొడిగించి కాళ్ళు పట్టించుకుంటాడా?"

అత్తమ్మ నావైపు చూసింది. "మన సఫూరా కూడా తొడుక్కుంటదిగా."

"అది వేరమ్మా. నాకు దద్దుర్లొస్తాయి. వీడు కావాలని చేయిస్తున్నాడు."

అత్తమ్మ అవునవునంది. ఆయన వంగి, ఒళ్ళంతా కోపంతో కామెంటు రాశారు. ఇలాంటి మగవాళ్ళ వల్లే మనందరికీ చెడ్డపేరు, ఆ తల్లికి నా సలాం అని. నిమిషాల్లో ప్రశంసలు మొదలయ్యాయి. మీలాంటి భర్తలు ఇంటింటికీ ఉండాలన్నా అని ఎవరో ఆడమనిషి రాసింది. అది మాత్రం ఆయన రెండుసార్లు చదివి వినిపించారు.

"నువ్వూ ఒక లైకు కొట్టు," అన్నారు.

నేను కదల్లేదు. చేతులు కారంగా ఉన్నాయనుకున్నారేమో, గూట్లోని నా ఫోను తీసుకుని బొటనవేలు పెట్టారు. టక్కున తెరుచుకుంది. నా పేరు మీద ఆయన కామెంటుకు ఆయనే ఎర్ర గుండె పెట్టుకున్నారు. అంతలో తెర పైన గ్రూపు నుంచి మెసేజి వచ్చింది. 'సఫూరా, ఆ కామెంటు మీ ఆయనదే కదా' అని నజ్మీన్ రాసింది. అది ఆయన చేతిలోనే, ఆయన కళ్ళ ముందే వెలిగింది.

"మీ కుట్టు మెషీను వాళ్ళు," అని చదవకుండానే వేలితో పక్కకు తోసేశారు. "పనీపాటా లేని జనం."

పొద్దుట్నుంచీ నేను భయపడ్డది దీనికా? దాచుకుని చెప్పినా, ఊరందరి ముందూ పరిచినా, ఆయనే నోరారా చదివి వినిపించినా, నన్ను ఆయన చూడనే లేదు. పట్టుబడి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. తిట్టినా కొట్టినా, అది నా గురించే అని ఒకరికి తెలిసుండేది.

ఆయన ఫోను చూసుకుంటూనే మంచం మీద వాలి కాళ్ళు చాపారు. కామెంటుకు ఇంకా గుండెలు వస్తూనే ఉన్నాయి. దొడ్డి తలుపు తీసే ఉంది. తీగ మీద కవర్లు గాలికి టపటపమంటున్నాయి. వేళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. రేపు ఫోను ఉంటుందో ఉండదో, నేనెక్కడ ఉంటానో నాకు తెలియదు.

కవర్లు తియ్యకుండానే తలుపు దగ్గరికి వేసి వచ్చి, వట్టి చేతులతో ఆయన పాదాల దగ్గర కూర్చున్నాను.