చివరి మనిషి

కువైట్‌లో కొండల్లేవు. ఉన్నదల్లా ఇసుక, దాని మీద పోసిన సిమెంటు. అలాంటి చోట కొండలెక్కే బృందం పెట్టాలన్న బుద్ధి సుబ్రహ్మణ్యానికే పుట్టింది. విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ ఇంజినీరుగా స్థిరపడిన మనిషి. శుక్రవారం పొద్దున్నే పదిమంది తెలుగువాళ్ళని పోగేసి, ఫర్వానియాలో తాముండే బిల్డింగు మెట్లు ఎక్కించి దించేవాడు. ఎండలు ముదిరాక దజీజ్‌లోని పెద్ద సూపర్‌మార్కెట్లో ట్రాలీల మధ్య నడిపించేవాడు. ఎక్కడ నడిపించినా ఒకటే నియమం నూరిపోసేవాడు: లీడరన్నవాడు చివరి మనిషి వెనకే నడవాలి, ఎవర్నీ వదిలెయ్యకూడదు. దాని మీద ప్రతి వారం ఒక ఉపన్యాసం కూడా ఉండేది.

ఆ చివరి మనిషి ఎప్పుడూ ఆయన భార్య చాముండేశ్వరే. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. అయినా పళ్ళ బిగువున ఎక్కేది. పెళ్ళయిన నాటి నుంచీ ఎక్కడికెళ్ళినా మొగుడు ముందు, ఆవిడ వెనక. మెట్ల మీద మాత్రం ఆయన తన వెనకాల, తను ఆగితే ఆగుతూ, నడిస్తే నడుస్తూ వచ్చేవాడు. ఆ సంతోషం కోసమే ఎక్కేది, దాచడమెందుకు!

బక్రీద్ సెలవులకి అందరూ కలిసి జార్జియా దేశం వెళ్ళారు. రెండు వ్యాన్లూ కొండ కింద ఆపి ఎక్కడం మొదలుపెట్టారు. మారుమూల కొండ, దాని నిండా బీచ్ అనే ఒక చలిదేశపు జాతి చెట్ల అడవి. ఇక్కడ గొడ్డలి పడ్డ జాడే లేదని గైడు చెప్పాడు. ఇద్దరు చేతులు చాచినా కౌగిట్లో ఇమడని మానులు, ఏనుగు కాళ్ళలా బూడిదరంగులో ఉన్నాయి. చీలమండలు మునిగేటంత మందాన రాలిన ఆకులు. సగం దూరం ఎక్కేసరికి ఆవిడ మోకాలు పట్టేసింది. మిగతావాళ్ళు అప్పటికే వంపు తిరిగి కనుమరుగయ్యారు. సుబ్రహ్మణ్యం ఆవిడ మోకాలు చూశాడు, పైకి చూశాడు, గడియారం చూసుకున్నాడు.

"ఈ చెట్టు కింద కూర్చో. పైన ఒక్క ఫొటో దిగి అరగంటలో వచ్చేస్తా. ఎక్కడికీ కదలకు" అని చరచరా ఎక్కిపోయాడు.

కూర్చుంది. మొదట్లో హాయిగానే ఉంది. ఇన్నేళ్ళ కువైట్ కాపురంలో ఏసీ హోరు లేని గంట ఆవిడ ఎరగదు. ఇక్కడ ఆకు రాలినా వినిపిస్తోంది. అరగంట గడిచింది, గంట గడిచింది, ఇంకా గడిచింది. ఫోన్లో సిగ్నల్ లేదు. చెట్ల మధ్య వెలుగు పలచబడింది. అప్పుడు భయం వేసి "ఏమండీ!" అని కేకేసింది. ఇంట్లో అయితే ఆ పిలుపుకి పలికే మనిషి ఒకడుంటాడు. ఈ అడవిలో ఎవర్ని పిలిచినట్టు? ఎన్ని కేకలేసినా లాభం లేకపోయింది. చివరికి సిగ్గు విడిచి, జన్మలో మొదటిసారి మొగుణ్ణి పేరుపెట్టి, "సుబ్రహ్మణ్యం గారూ!" అని గొంతు చించుకుంది. దానికీ ఎవరూ పలకలేదు. చెట్టుకి వీపు ఆనించి భోరున ఏడ్చింది.

పొద్దు వాలిపోతుండగా ఆయన గైడుని వెంటేసుకుని కింద నుంచి రొప్పుతూ వచ్చాడు.

"వేరే దారిలో దిగాం చాముండీ. మాటల్లో పడి నిన్నిక్కడ కూర్చోబెట్టిన సంగతే మర్చిపోయాను. వ్యాన్ల దగ్గర చూస్తే నువ్వు లేవు, గుండె ఆగినంత పనైంది. అందరూ నీకోసం తెగ వెతికారు. చీకటి పడుతోందని ఇప్పుడే వాళ్ళని మొదటి వ్యాన్లో పంపేశా" అన్నాడు. చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా దింపాడు.

ఆవిడ నమ్మింది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి, మర్చిపోడూ మరి! హోటల్లో ఎవరూ ఆ ఊసెత్తకపోతే, తను చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నారనుకుంది. ఎంత సంస్కారమని లోలోపల మెచ్చుకుంది కూడా.

రెండు వారాల తర్వాత రిగ్గైలో నిత్య వాళ్ళింట్లో మధ్యాహ్న భోజనాలు. నిత్య, ఆమె భర్త సాయికృష్ణ కంప్యూటర్ ఉద్యోగస్తులు, బృందంలో అందరికన్నా చిన్నవాళ్ళు. చాముండేశ్వరి పెద్ద గిన్నెడు పులిహోర కలిపి తెచ్చింది. వడ్డిస్తూ వడ్డిస్తూ, అప్పట్నుంచీ గొంతులో ఉన్న మాట చెప్పేసింది.

"నా మూలాన ఆ రోజు మీరంతా ఎంత హైరానా పడ్డారో తల్లీ. ఏమీ అనుకోకండి."

"హైరానా ఏంటి ఆంటీ?" అంది నిత్య. "మీరు మోకాలు నొప్పని సగంలోంచే వ్యాన్‌కి దిగిపోయారుగా? ఆంటీ ఏరని పైన అడిగితే అంకులే చెప్పారు. ఎంతసేపు కూర్చున్నామో పైన! మీరు లేని లోటే."

"కిందకొచ్చాక పలకరిద్దామనుకున్నాం కూడానండీ" అన్నాడు సాయికృష్ణ. "రెండో వ్యాన్లో నిద్రపోతోంది, లేపకండి, మీరు పదండి, మేం వెనకాల వస్తాం అన్నారు సార్."

చాముండేశ్వరి చేతిలో గరిటె ఆగిపోయింది. మొగుడి వైపు చూసింది. ఆయన తలెత్తకుండా పులిహోర కెలుకుతూ, "నిద్రంటే అట్టాంటిట్టాంటి నిద్రా? గురక కూడాను!" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు.

"ఏమండీ, నన్ను కూర్చోబెట్టింది ఏ చెట్టు కింద?" అని అడిగింది.

నవ్వులు ఆగిపోయాయి. నిత్య ఆవిణ్ణీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. సుబ్రహ్మణ్యం సగం విస్తరి వదిలేసి, "ఎండకి తల తిరిగినట్టుంది దీనికి. పద, ఇంటికి పోదాం" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

అర్దియా సిగ్నల్ దగ్గర కారు ఆగింది. ఆవిడ మనసు అప్పటికీ ఆయన తరఫునే వాదిస్తోంది. పైన నలుగురూ అడిగేసరికి, దిగిపోయిందనే పొరపడ్డాడేమో. మతిమరుపు మనిషే కదా.

"నేను వ్యాన్‌కి దిగిపోయాననే అనుకున్నారా, నిజంగా?" అంది. ఒక్క అవును చాలు ఆవిడకి. అబద్ధమైనా సరే, పట్టుకుని బతికేద్దామనుకుంది.

ఆయన స్టీరింగ్ మీద చేత్తో కొట్టాడు.

"లీడరు పెళ్ళాన్నే సగంలో వదిలేసొచ్చాడంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఉన్నమాట చెబితే అంతా అప్పుడే వెనక్కి దిగాలి. అంతమంది సంవత్సరం పడ్డ కష్టం ఏం కావాలి? ఇవాళ నలుగురిలో నా పరువు తీశావు. అంత ఘోరం ఏం చేశానని? నేనేమన్నా నిన్ను మర్చిపోయానా? పైన ఉన్నంతసేపూ నువ్వక్కడ కూర్చునే ఉన్నావని నాకు గుర్తుంది!"

"మర్చిపోయుంటేనే బాగుండేది" అంది చాముండేశ్వరి.

ఆయనకి అర్థం కాలేదు. వెనక నుంచి హారన్లు మోగుతుంటే కారు ముందుకు పోనిచ్చాడు.