ఆరు పెడళ్లకు ఒక బోర్డు

పాట సగంలో ఉండగా హరిచందన గిటారు మూగబోయింది.

శామీర్‌పేట దగ్గర ఒక రిసార్టు, ఆదివారం మధ్యాహ్నం. ఏదో కంపెనీవాళ్లు పిల్లాపాపలతో భోజనాలకొచ్చారు. పచ్చికలో వేసిన చిన్న స్టేజీ మీద ప్రతాప్ పాడుతున్నాడు, వెనక సందీప్ డ్రమ్స్ వాయిస్తున్నాడు, కుడిపక్కన గిటారుతో హరిచందన. ఆమె కాళ్ల ముందు నేలమీద ఆరు పెడళ్లు పరిచి ఉన్నాయి. చిన్న చిన్న ఇనుప డబ్బాలవి. గిటారు శబ్దం ఒకదాని తర్వాత ఒకదాంట్లోంచి దూరి స్పీకరుకు చేరుతుంది. కాలితో నొక్కితే ఒకటి శబ్దాన్ని గరగరలాడిస్తుంది, ఒకటి ప్రతిధ్వనులు పుట్టిస్తుంది, ఒకటి మనిషి గొంతులా మూలిగిస్తుంది. వాటిని కలిపేవి జానెడు వైర్లు. ఏ ఒక్క వైరు వదులైనా అన్నీ చచ్చిపోతాయి.

హరిచందన మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క వైరే కదిలించి చూడసాగింది. మొదటిది బాగానే ఉంది. రెండోదీ బాగానే ఉంది. సందీప్ పాపం డ్రమ్స్ ఆపకుండా లాక్కొస్తున్నాడు. జనం తింటున్న ప్లేట్లు పట్టుకుని ఇటే చూస్తున్నారు.

ప్రతాప్ మైకు నోటి దగ్గర పెట్టుకుని నవ్వాడు. "ఏం పరేషాన్ గాకుండ్రి సార్. మా చందనకు ఖాందాన్ పని యాదికొచ్చింది. చాపలు ఏరుతాంది."

జనం గొల్లున నవ్వారు. వాళ్లకేమీ తెలియదు, మాట తమాషాగా ఉందని నవ్వారంతే. కానీ ప్రతాప్‌కి తెలుసు. హరిచందన నాయిన శామీర్‌పేట చెరువులో వల వేస్తాడు. వాళ్ల అవ్వ మైసమ్మ మొన్నమొన్నటిదాకా అలియాబాద్ చౌరస్తాలో చేపల గంప పెట్టుకుని కూర్చునేది. హరిచందన చెవులు వేడెక్కాయి. నాలుగో వైరు వదులుగా దొరికింది. నొక్కిపెట్టి లేచి, మిగతా పాట వాయించింది కానీ ఏం వాయించిందో ఆమెకే తెలియలేదు.

సామాను సర్దుతుంటే ప్రతాప్ వచ్చాడు. స్పీకర్లు అతనివి, కారు అతనిది, ప్రోగ్రాములు కుదిర్చేది అతను. మేడ్చల్‌లో వాళ్ల పొలాలు ప్లాట్లయ్యాక పాటల సరదా ఇంకా పెరిగింది.

"చందనా, గిట్ల నడ్వది. ఇంకో రెండు వారాలకు మేడ్చల్ల పెద్ద ప్రోగ్రాం ఉన్నది. గప్పటికల్ల ఒక పెడల్‌బోర్డు కొనుక్కో. లేకుంటే ఆ డబ్బాలన్ని ఇంట్లనే పెట్టి రా."

అతను చెప్పినదాంట్లో తప్పులేదు, అదే ఆమెకు ఇంకా మంట. పెడల్‌బోర్డంటే ఒక పలక. పెడళ్లన్నీ దానిమీద అతికించి, వైర్లు ఒక్కసారి గట్టిగా బిగిస్తే, ఎక్కడికైనా అలాగే ఎత్తుకెళ్లి కింద పెట్టి వాయించుకోవచ్చు. ఒక్క పలక కొనడానికి రెండు వారాలు చాలవా అనుకుంది.

చాలలేదు.

ఆమె మేడ్చల్ దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్ సూపర్‌వైజరు. రోజూ డబ్బాలో డబ్బా ఎలా ఇమడాలో చూడటమే పని. అందుకని ధైర్యంగా ఒక అట్టపెట్టె చింపి నేలమీద పరిచి, ఆరు పెడళ్లూ దాని మీద పేర్చి, చుట్టూ పెన్సిలుతో గీసింది. ఇరవై అంగుళాల పొడవు, పది అంగుళాల వెడల్పు. సరిగ్గా ఆ కొలతల బోర్డే ఫోన్లో వెతికి తెప్పించింది. వచ్చాక విప్పి పెడళ్లు పెడితే ముచ్చటగా కూర్చున్నాయి. తీరా వైర్లు పెట్టబోతే, వాటి మూతులకు చోటు లేదు! ప్రతి డబ్బాకూ ఇటొక అంగుళం, అటొక అంగుళం వైరు పొడుచుకొస్తుందన్న సంగతి ఆమె కొలతల్లోకి రానేలేదు. రోజూ ఇతరుల డబ్బాలు లెక్కచూసే మనిషి, సొంత డబ్బాల దగ్గర పప్పులో కాలేసింది. బోర్డును తిరిగి ప్యాక్ చేసి వాపసుకు పెట్టింది. వాపసు తీసుకోవలసిన మనిషి మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు ఆమె డ్యూటీలో ఉన్నప్పుడు ఇంటికొచ్చి, ఫోను ఎత్తలేదని వెళ్లిపోయాడు.

సలహాలకు మాత్రం కొదవ లేదు. ఫోన్లో వీడియోలు చూస్తే ఒకడు సందులున్న బోర్డే మంచిదంటాడు, ఒకడు చదును బోర్డే కొనమంటాడు. పెడళ్లకు కరెంటిచ్చే డబ్బా బోర్డు కింద అమర్చాలని ఒకడు, పైనే ఉండాలని ఒకడు. అందరూ చివర్లో "మీ అవసరాన్ని బట్టి ఎంచుకోండి" అంటారు. తన అవసరమేమిటో తెలిస్తే వీళ్ల మొహాలెందుకు చూస్తుంది? సూరారంలో ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వస్తున్న సందీప్‌కి ఫోన్ చేస్తే, "ఓ ప్లైవుడ్ చెక్క కొట్టించు, అయిపాయె" అన్నాడు. ఆ ముక్కా విని కొట్టించింది. అది రాయిలా బరువు, పైగా పెడళ్లను అతికించే వెల్‌క్రో పట్టీ దానికి అంటుకోవడం లేదు. మూలకున్న పేడు వేలికి గుచ్చుకుంది. చెక్కను విసురుగా గోడకు ఆనించేసింది.

ప్రోగ్రాం ఇంకా వారం ఉందనగా ప్రతాప్ ఫోన్ చేశాడు. "కొంపల్లిల దుకాణం ఉన్నది. నేను గూడ వస్త, పోదాం పా."

దుకాణంలో కుర్రాడు గోడ మీది నుంచి అన్నింటికంటే పెద్ద బోర్డు దించాడు. ముప్పై అంగుళాలకు పైనే ఉంది. నల్లటి గట్టి పెట్టె, అంచులకు వెండి రంగు రేకులు, కింద చక్రాలు. మూత తీస్తే ఆరు పెడళ్లేం ఖర్మ, పన్నెండు పడతాయి. హరిచందన మనసు లాగింది. దానిముందు నిలబడితే తాను ఎలా కనబడుతుందో కూడా ఒక్క క్షణం ఊహించుకుంది.

"గిది గదా బోర్డంటే," అన్నాడు ప్రతాప్. "స్టేజీ మీద మస్తు కొడ్తది. సగం పైసలు నేనిస్త."

"ఇంత పెద్దది నా స్కూటీ మీద ఎట్ల వడ్తదన్నా?"

"స్కూటీ ఎందుకు? నా కార్ల వడి ఉంటది. ప్రోగ్రాం ఎక్కడుంటే అక్కడికి తెస్త. మోసే పనే లేదు నీకు."

"మరి ప్రాక్టీసుకు?"

"మా ఇంటికి రా. నేను ఉన్నప్పుడు ఫోన్ చేస్త."

అతను దురుద్దేశంతో అనలేదు, ఆ సంగతీ ఆమెకు తెలుసు. కానీ తన పెడళ్లు అతని డిక్కీలో ఉంటాయి, అతను పిలిచిన రోజే తాను వాటి మీద కాలు పెట్టాలి. అతను పిలవని రోజు? "ఆలోచించుకొని జెప్తన్నా," అని బయటికొచ్చింది.

"ఇండ్ల ఆలోచించుడేంది?" అని ప్రతాప్ వెనకనుంచి అంటూనే ఉన్నాడు. దుకాణం కుర్రాడితో "పక్కకు పెట్టు, వస్తం" అనడం కూడా వినబడింది.

కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా లారీల మధ్య, అక్కడినుంచి అలియాబాద్ దాకా దుమ్ములో, దారంతా ఆమె తనను తాను తిట్టుకుంటూనే వచ్చింది. వద్దని అక్కడే ఎందుకు చెప్పలేదు? కావాలని ఎందుకు చెప్పలేదు? ఇంట్లోకి వచ్చి హెల్మెట్ మంచం మీద పడేసి, మళ్లీ ఆ అట్టముక్క ముందు కూర్చుంది.

మైసమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వారం రోజులుగా ఈ తంతు చూస్తూనే ఉంది.

"ఏంది బిడ్డా, గా అట్టను ఎన్నిసార్లు కొలుస్తవ్?"

"నీకు సమజ్ గాదు అవ్వా."

"సమజ్ గాకుంటే పాయె. నేను గంప కొన్ననాడు నెత్తి మీద వెట్టుకొని నాలుగడుగులు నడ్శి జూసి కొన్న. నువ్వు గీ అట్టను ఒక్కనాడన్న బండి మీద వెట్టి జూసినవా?"

హరిచందనకు కోపమొచ్చింది. అవ్వ అన్నందుకు కాదు, అంత చిన్న సంగతి తనకు తట్టనందుకు. గబగబా అట్ట పట్టుకుని బయటికి నడిచింది. గిటారు వీపున తగిలించుకుని, స్కూటీ మీద కూర్చుని, అట్టను కాళ్ల మధ్య నిలబెట్టింది. ఇరవై అంగుళాల అట్ట హ్యాండిల్‌కు తగిలి బండి తిరగనివ్వలేదు. కత్తెర తెచ్చి రెండు అంగుళాలు కోసింది. ఇప్పుడు హ్యాండిల్ తిరుగుతోంది కానీ మోకాళ్లు విడిపోతున్నాయి. వెడల్పులో మరో రెండు అంగుళాలు కోసింది. వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది. పద్దెనిమిదికి ఎనిమిది. ఆమె ఎవరినీ అడక్కుండా మోయగలిగింది అంతే.

ఆ ఎనిమిదంగుళాల్లో ఆరు పెడళ్లు పట్టవు. నాలుగే పడతాయి, అదీ వైర్లకు చోటు వదిలితే.

ఏవి తీసెయ్యాలన్నదే అన్నింటికంటే ఎక్కువ ఏడిపించింది. మూడు రోజులు డ్యూటీ నుంచి వచ్చాక మొత్తం పాటలన్నీ వాయించి, ఏ పెడల్ ఎన్నిసార్లు నొక్కిందో గీతలు పెట్టుకుంది. శ్రుతి చూసేది తప్పదు. గరగరలాడించేది ప్రతి పాటలోనూ ఉంది. ప్రతిధ్వనులిచ్చేది లేకపోతే ప్రతాప్ పాట మొదలే కాదు. హాల్లో వాయించినట్టు వినిపించేది సగం పాటల్లో ఉంది. అలలు అలలుగా వినిపించేదాన్ని నొక్కింది ఒక్కసారే. ఇక మిగిలింది వా పెడల్. మనిషి గొంతులా మూలిగేది అదే. మొదటి జీతంతో కొన్నది. పది అంగుళాల పొడవు, బోర్డు మీద పెడితే రెండంగుళాలు బయటికి వేలాడుతుంది. అడ్డంగా పెడితే మూడు డబ్బాల చోటు తినేస్తుంది. పాటలన్నింటిలో కలిపి దాన్ని నొక్కింది రెండుసార్లు. ఆ గీతలను కాసేపు చూసి, మూడోది కలిపింది. తర్వాత తనే కొట్టేసింది. వా పెడల్‌ను పాత టవల్లో చుట్టి బీరువాలో పెట్టి, తలుపు కాస్త గట్టిగానే వేసింది.

మర్నాడు ఒక్కతే కొంపల్లి వెళ్లి, పద్దెనిమిదికి ఎనిమిది బోర్డు అడిగింది. "మేడమ్, ఇది నేర్చుకునేవాళ్ల సైజు, మీకు సరిపోదు," అన్నాడు దుకాణం కుర్రాడు. "నీకు సరిపోకుంటే నువ్వు వేరేది కొనుక్కో తమ్మీ," అంది ఆమె.

మేడ్చల్ ఫంక్షన్ హాల్లో ప్రోగ్రాం పదకొండు గంటలకు. హరిచందన పదింటికే చేరింది. బ్యాగులోంచి బోర్డు తీసి కింద పెట్టి, ఒక వైరు గిటారుకు, ఒకటి స్పీకరుకు, ఒకటి కరెంటుకు. అంతే. సందీప్ ఇంకా డ్రమ్స్ కాళ్లు బిగిస్తున్నాడు.

"గింతేనా?" అన్నాడు నోరు తెరిచి.

ప్రతాప్ వచ్చి ఆ బోర్డు చూసి మొహం ముడుచుకున్నాడు. "నేను జెప్పిందేంది, నువ్వు తెచ్చిందేంది? పిల్లల పలక లెక్క ఉన్నది. అక్కడ పెద్దది పక్కకు పెట్టించిన, నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నేను మోసేది తెచ్చుకున్నన్నా."

"నేను మోస్త అన్న గదా! మంచికి జెప్తే ఎందుకట్ల జేస్తవ్?"

రెండు వారాల విసుగంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. "ఎందుకో జెప్పాల్నా? ఆ దినం మైకుల, నాకు ఖాందాన్ పని యాదికొచ్చిందన్నవ్, చాపలు ఏరుతాందన్నవ్. గంత మంది ముంగట."

ప్రతాప్ ఒక్క క్షణం తడబడ్డాడు. "అరే, గది నవ్వులాటకు..."

"నవ్వింది నేను గాదన్నా."

సందీప్ స్టాండు బిగించడం ఆపేశాడు. ప్రతాప్ చుట్టూ చూసి, మైకు సరిచేసుకోవడానికి వెళ్లిపోయాడు. తప్పయిందని అనలేదు. ఇక ఈ రోజుతో తన పని అయిపోయిందేమో అనుకుంది హరిచందన. అయినా శ్రుతి చూసుకుంది.

శబ్దం ఒక్కసారి కూడా పోలేదు. నాలుగు పెడళ్లూ కాలి కింద కదలకుండా కూర్చున్నాయి. ఐదో పాటలో మాత్రం, ఎప్పుడూ వా పెడల్ ఉండేచోటికి ఆమె కాలు అలవాటుగా వెళ్లింది. ఉత్త నేల తగిలింది. ఒక స్వరం తప్పింది. ఆ మూలుగు లేకుండా వాయిస్తే ఆ ముక్క మరీ బోసిగా వినిపించింది. పళ్లు బిగపట్టి, తీగను వేలితోనే లాగి, ఎలాగో దాటించింది. జనంలో ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆమెకు మాత్రం ఆ బోసితనం చివరిదాకా గుచ్చుతూనే ఉంది. ఈ ముక్కను మళ్లీ కూర్చాలి, వేళ్లతోనే ఏదో ఒకటి చెయ్యాలి.

భోజనాలయ్యాక ప్రతాప్ దగ్గరికొచ్చి, ఆమె మొహం చూడకుండా బోర్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. "ఇంకెప్పుడు మైకుల గట్ల అనను," అన్నాడు చివరికి. ఆగి, "వచ్చే ఆదివారం తూంకుంటల ఉన్నది. పదిన్నరకు. నువ్వు నీ బండి మీద వస్తవ్ గదా?" అన్నాడు.

"వస్త," అంది హరిచందన.

అతను వెళ్లాక బోర్డు బ్యాగులో పెట్టి జిప్పు లాగింది. కొత్త జిప్పు, మూల తిరిగేచోట ఇరుక్కుని అటూ రాదు, ఇటూ పోదు. రెండుసార్లు లాగి, "థూ, దీని..." అని మొదలుపెట్టేసరికి సందీప్ నవ్వుతూ వచ్చి బ్యాగు రెండో అంచు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి లాగితే మూసుకుంది. ఆమె గిటారు వీపున వేసుకుని, బ్యాగు చేత్తో ఎత్తుకుని, మెట్లు దిగి స్కూటీ దగ్గరికి నడిచింది.